కంపంటే ఏ కంప?

కిందటి వారం కథను ఉమామహేశ్ కారు బోడగుట్ట కింద ఆగిన చోట నిలిపాను. అప్పుడు మాతో లేనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు కదులుతాను.

నా పేరు సుజన. కర్నూలు పక్కన కల్లూరులో మందుల షాపు నాది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం షాపుకు తాళం వేసి, నాలాంటి పనిలేని పనిమంతులు ఇరవై మందితో కలిసి పత్తికొండ దారిలో సుద్దకొట్టాల అనే ఊరి గుట్టకు పోతున్నాను. తొంభై ఎకరాల ఆ బోడగుట్ట ఊరి గొర్రెల మేతబీడు. మూడేళ్లు గొర్రెలను తోలకుండా ఉంటే, ఈ నేలలో పుట్టిన గడ్డీ చెట్టూ పిట్టా పురుగూ వాటంతట అవే తిరిగొస్తాయని ఊరిని బతిమాలి ఒప్పించాం. ఏటా గడ్డి విత్తు రాలాక కోసుకుపోయే హక్కు ఊరిదే. పరాయి చెట్లు పీకి, మన చెట్లు పెంచే పని మాది. జీతాలు లేవు, నాయకుడూ లేడు, తిట్లు మాత్రం తలా కాసిని ఉన్నాయి.

ఆ గడువు ఈ ఉగాదితో తీరిపోతుంది. వచ్చే శుక్రవారం గొర్రెల కాపరులంతా రచ్చకట్ట దగ్గర కూర్చుని, ఇంకో మూడేళ్లు ఇవ్వాలో, గొర్రెలను తోలాలో తేల్చేస్తారు. అక్కడ మా తరఫున నోరు విప్పగల మనిషి ఒక్కడే, నరసన్న. తనూ గొర్రెల కాపరే. మందలో చాలా భాగం అల్లుళ్లకు పంచి, మిగిలిన ముప్పై గొర్రెలను చూసుకుంటూ మా గుట్టకు కాపలా ఉంటున్నాడు. ఊళ్లో అతని మాటకు విలువ ఉంది. మేం పోతే టీ ఇస్తారు, అంతే.

ఈ ఆదివారం మా పని రేగుపండ్లు ఏరడం. రథసప్తమి వెళ్లిపోయింది. పడమటి వాలులో రేగు పొదలు విరగకాసి ఉన్నాయని పోయిన ఆదివారమే కళ్లారా చూశాను. ఆ గింజలతో వానాకాలానికి రెండు వేల మొక్కలు పెంచాలని మా ఆశ. సంచులు, చేతి తొడుగులు, టార్పాలిన్ పట్ట, పులిహోర డబ్బా పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగి పడమటి వైపుకు వచ్చాం.

పడమటి వాలు లేదు.

నేల ఉంది. నేల మీద ఉండాల్సినవి లేవు. రేగు లేదు, బలుసు లేదు, కలివి లేదు. మూడేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న పొదలన్నీ నరికి, వాలు పొడుగునా వరసగా కుప్పలు వేసి ఉన్నాయి. కుప్పల మధ్య కౌజుపిట్టల జంట ఒకటి ఎటు దూరాలో తెలియక అటూ ఇటూ పరుగులు తీస్తోంది.

నాకు కోపం తొందర. నా కోపం నాకన్నా ముందు మెట్లు దిగుతుందని మా ఆయన అంటూ ఉంటాడు. ఆ రోజు అది నాకన్నా ముందు గుట్ట ఎక్కింది.

వాలు మధ్యలో నరసన్న నిలబడి ఉన్నాడు. నడుముకు కొడవలి, తలకు తువ్వాలు, మెడలో మేం వేయించి ఇచ్చిన గుర్తింపు కార్డు. దాని మీద అతని ఫోటో, కింద 'వన సంరక్షకుడు' అని ఉంటుంది. ప్రతి ఆదివారం ఉతికిన చొక్కా మీద అది వేసుకుని వస్తాడు. ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. పని పూర్తిచేసి మెప్పు కోసం చూసే మనిషి నవ్వు అది అని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏంటిది నరసన్నా?"

"అయిపాయనమ్మా. ఆరుమందిమి, అయిదు దినాలు పట్టింది. నిన్న పొద్దుగూకే యాళకు ముగించినాం."

"ఎవరు నరకమన్నారు నిన్ను?"

నరసన్న నవ్వు ఆగిపోయింది. "మీరే గదమ్మా చెప్పింది."

"నేనా? రేగు పొదలు నరకమని నేను చెప్పానా? అబద్ధం చెప్పకు నరసన్నా!"

వెనక ఇరవై మంది ఉన్నారు. అందులో నలుగురు ఆ రోజే కొత్తగా వచ్చిన కాలేజీ పిల్లలు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. నేను అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

"నాకు తెలియదనుకున్నావా? మీ బావ ఓబుళేశు గొర్రెల దొడ్డికి కంచె కావాలని నెల నుంచి తిరుగుతున్నాడు. మీ చుట్టాలకు ముళ్లు కావాలంటే మా గుట్టే దొరికిందా?"

నరసన్న నా వైపు చూడలేదు. మెడలోని కార్డు తీసి, దాని తాడును నిదానంగా చుట్టి, నన్ను దాటి వెళ్లి ఉమామహేశ్ చేతిలో పెట్టాడు. ఉమామహేశ్ కరెంటు ఆఫీసులో ఇంజనీరు, మా గుంపుకు పెద్ద దిక్కు. పాపం, ఎవరు ఏమిచ్చినా తీసుకునే మనిషి, అదీ తీసుకున్నాడు.

"పెట్టుకోండి సార్" అన్నాడు నరసన్న. "ఎనిమిదేండ్ల పిల్లోడప్పటి నుంచి గొర్రెల ఎనక తిరుగుతాండా. వానకో పిడుగుకో మందలు కలిసిపోతే, ఏ గొర్రె ఎవురిదో నన్నే అడుగుతారు మా ఊర్లో. నేను ఇది నీది, అది వానిది అంటే ఇంతవరకూ కాదన్న మనిషి ల్యాడు. ఈపొద్దు ఈ యమ్మ అనె."

అంతే. గట్టిగా అరిచినా నాకు ఇంకొంచెం బాగుండేది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గుట్ట దిగబోయాడు.

"నిలబడు ఆడ!"

ఈ కేక భీమక్కది. నరసన్న భార్య. గుట్ట కింద మా నారుమళ్లను చూసుకునేది ఆమే. ఆమె నీళ్ల బిందె కింద దించి, చీర కుచ్చిళ్ల పక్కన దోపుకున్న ఫోను తీసింది. నరసన్నకు ఫోను ఎత్తడం వచ్చు, కట్ చేయడం రాదు. అందుకే మా వాయిస్ మెసేజీలన్నీ భీమక్క ఫోనుకే పోతాయి.

"మా గుట్ట అంటాండావు, ఎప్పటి నుంచి మేడమూ? ఆ సంగతి శుక్రవారం మాట్లాడుకుందాం. ముందు ఇది ఇను. అందురూ ఇనండప్పా."

నొక్కింది. గాలి లేని పొద్దు. నా గొంతు గుట్టంతా వినిపించింది.

"నరసన్నా, పడమటి వాలులో కంప బాగా పెరిగిపోయింది. ఆదివారానికి కంప అన్నది ఒక్కటి కూడా కనబడకూడదు. మొత్తం తీయించెయ్. మనుషులు చాలకపోతే ఊళ్లో ఎవరినైనా..."

అక్కడ నా షాపులో ఎవరో అడ్డం వచ్చారు. "అమ్మా, ఆ జరం గోళీ రెండు ఇయ్యి" అన్న మగ గొంతు. దాని వెంటనే నేను, ఫోను నొక్కిపట్టుకున్న సంగతి మరిచి, మహా దర్జాగా అంటున్నాను: "ఏ గోళీ? గోళీ అంటే వంద గోళీలున్నాయి. పేరు చెప్పాలి పెద్దాయనా. పేరు తెలియకుండా ఇస్తే ప్రాణాలు పోతాయి."

మెసేజీ అయిపోయింది. కాలేజీ పిల్లల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. నా చెవులు వేడెక్కడం నాకే తెలుస్తోంది.

"ఇంగోసారి పెట్టనా?" అంది భీమక్క.

"వద్దులే" అన్నాను.

జరిగిందేమిటో కొత్తవాళ్లకు ఉమామహేశ్ మెల్లగా చెప్పాడు. కర్నూలులో మా మీటింగుల్లో కంప అంటే ఒకే ఒక చెట్టు. రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద, పాడుపడ్డ స్థలాల్లో ఎక్కడ చూసినా మొలిచే ఆ పరాయి తుమ్మ. దాన్ని పీకడమే మా సగం పని. మూడేళ్లుగా కంప, కంప అని దాన్నే తిడుతూ ఉన్నాం. ఇంకో అర్థం ఉంటుందని మాకెవరికీ తోచనే లేదు.

"దాని పేరు సర్కారు తుమ్మ" అంది భీమక్క. "కంప అంటే చెట్టు పేరు గాదు మేడమూ. ముల్లుండేదంతా కంపే. రేగుకంప, తుమ్మకంప, కలివికంప. దొడ్డికి ఏసేది కంప, కాలికి గుచ్చుకునేది కంప. ఒక్కటి కూడా కనబడగూడదంటే, ఇంగ మా మనిషి ఏం చేయల్ల?"

నేను నరసన్న వైపు తిరిగాను. అతను ఇంకా వీపు ఇటు పెట్టే నిలబడి ఉన్నాడు.

"ఒక్కమాట అడగొచ్చు కదా నరసన్నా నన్ను?" అన్నాను. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

దానికీ భీమక్కే జవాబు చెప్పింది. "అడుగప్పా, అడుగప్పా అని మూడు దినాలు మొత్తుకున్యా. సదువుకున్నామె, ఏందో కారణముంటాదిలే, మనకు తెల్లా అన్యాడు. మీ అంగట్లో డాక్టరు రాసిన చీటీని నువ్వు ఎదురడుగుతావా? అట్లనే."

ఈ ఆడమనిషి ఏ కాలేజీలోనూ వాదన నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే జడ్జీలు ఉద్యోగాలు మానుకునేవాళ్లు.

అప్పుడే ఉమామహేశ్ "సుజనగారూ, ఇటు రండి" అని పిలిచాడు. నరికిన చోట మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి వంగి చూశాను. రేగు మొదలు నేలకు జానెడు ఎత్తున నిలిచి ఉంది. కోసిన చోట నున్నగా, గుండ్రంగా పేడ పూసి ఉంది. పక్కది బలుసు. దానికీ జానెడు మొదలు, దాని మీదా పేడ. అటుపక్క సర్కారు తుమ్మ ఉన్న చోట మాత్రం మోకాలి లోతు గుంత. గునపంతో వేరు చివరిదాకా తవ్వి తీసి, మట్టి మళ్లీ పూడ్చి ఉంది.

నేను వాలు వెంట నడిచాను. పది, ఇరవై, యాభై. ఒక్క మొదలు కూడా పేడ లేకుండా లేదు. అయిదు రోజుల పనిలో ఎన్ని తట్టల పేడ మోసుకొచ్చి ఉంటారో, ప్రతి మొదలు దగ్గరా ఎన్నిసార్లు వంగి ఉంటారో తలుచుకుంటే నాకు కళ్లు నిండాయి.

"పేడ ఎందుకు పూశావు నరసన్నా?"

అతను ఇటు తిరిగాడు.

"ఎండకు మొదలు పగలకుండా. సర్కారు తుమ్మను వేరుతో తీస్తే గాని అది చావదు. ఇవి అట్ల గాదు. జానెడు వదిలితే నాలుగు సినుకులకు మళ్ల లేస్తాయి. మీరు తీయమంటిరి. తీసినా. సంపడానికి మాత్రం నాకు మనసొప్పలా." వంగి ఒక మొదలు చుట్టూ మట్టి సర్దుతూ అన్నాడు: "బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. ఆ బలుసే ల్యాకుండా పోతే ఇంగ ఏం తిని బతుకుతారు మనుషులు?"

నాకు సిగ్గేసింది. ఏదో తప్పు జరిగిందని కలిగే సిగ్గు కాదు. ఒక మంచి మనిషిని అతని మంచి పని ముందే నిలబెట్టి నలుగురిలో దొంగను చేశానని కలిగిన సిగ్గు. మూడేళ్లుగా ఈ గుట్ట గురించి కర్నూలులో ఉపన్యాసాలిస్తున్నాను. గుట్టకు ఏం కావాలో తెలిసినవాడికి నా ఆజ్ఞలో తప్పు కూడా తెలిసింది. తెలిసి, నా గౌరవం చెడకుండా, చెట్టు ప్రాణం పోకుండా, రెండూ కాపాడాడు.

నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెప్పాలి. చెప్పులు విడిచి ఆ ముళ్ల నేల మీదే అతని ఎదురుగా నిలబడ్డాను.

"తప్పు నాది నరసన్నా. మాట నాది, అర్థం తెలియనిది నాకు, అబద్ధం చెప్పావని నిన్ను తిట్టాను. నువ్వు చెప్పింది నిజం. ఇక్కడున్న అందరూ విన్నారు కదా, నరసన్న చెప్పింది నిజం."

ముల్లు ఒకటి మడమలో దిగింది. నేను కదల్లేదు. భీమక్క చూసి, "సెప్పులేసుకో మేడమూ, ఆ ముల్లు తీసేది మళ్ల నేనే" అంది. ఎవరో నవ్వారు. నరసన్న మాత్రం నవ్వలేదు.

"సరేలేమ్మా" అన్నాడు. "శుక్రవారం రచ్చకాడికి వస్తా. ఊరి మనిషిగా వస్తా. మీ తరపున మాట్లాడేది మాత్రం ఆలోచన చేస్తా."

ఉమామహేశ్ కార్డు చాపాడు. నరసన్న తీసుకోలేదు. ముళ్లకంప మీద పడ్డ బట్టను లాగితే చిరుగుతుంది. ఒక్కో ముల్లూ విడిపించాల్సిందే.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోరూరుతుంది.

"ఇంగ అందురూ ఏం సూస్తాండారు?" అని భీమక్క మా ఇరవై మందినీ అదిలించింది. "పండ్లు ఏరను వచ్చినారా, పంచాయతీ సూడను వచ్చినారా? పట్ట పరవండి ఆడ!"

పండ్లన్నీ కుప్పల మీదే ఉన్నాయి! కొమ్మలు కొట్టారు గాని కాయలు ఎక్కడికీ పోలేదు. అయిదు రోజుల ఎండకు మరింత మగ్గి, ముట్టుకుంటే రాలిపోయేట్టు ఉన్నాయి. పొదల్లో చేతులు దూర్చి, ముళ్లు గుచ్చుకుని, ఒక్కో పండూ కోయాల్సిన శ్రమ తప్పింది. కుప్పను కర్రతో ఎత్తి పట్ట మీద వేయడం, వెదురు కట్టెతో బాదడం. పండ్లు జలజల రాలుతున్నాయి. రెండు ఆదివారాల పని రెండు గంటల్లో అయ్యేట్టుంది. అయితే దీన్ని నా తెలివి కింద రాసుకోవద్దని ఉమామహేశ్ ముందే హెచ్చరించాడు.

భీమక్క ఒక పందెం పెట్టింది. ఇకమీద గుట్ట మీద ఉత్త కంప అన్నవాళ్లు మూడు గుంజిళ్లు తీయాలి. పేరుతో చెప్పాలి. కాలేజీ పిల్లలకు ఒక్కో కొమ్మా చూపించి అడుగుతోంది. ఇదేంది? రేగు. ఇదేంది? పరిగి. ముల్లు వంకర సూడు, ఆకు ఎనక తెలుపు సూడు. ఆకుల వెనక నూగును వేలితో తడిమి చూడమంది. పిల్లలు పుస్తకాల్లో లాటిన్ పేర్లు చదివి వచ్చినవాళ్లు. ఇంటి పేరు తెలిసి మనిషి తెలియనట్టు ఉండేది వాళ్ల పరిస్థితి. గంటలో తొమ్మిది పేర్లు నేర్చారు. మొదట దొరికిపోయింది ఉమామహేశే. "ఆ కంప ఇటు జరపండి" అని నాలుక కరుచుకున్నాడు. కరెంటు ఇంజనీరు చెవులు పట్టుకుని మూడు గుంజిళ్లు తీస్తుంటే, దూరంగా బండ మీద కూర్చున్న నరసన్న భుజాలు కదలడం చూశాను. నవ్వుతున్నాడు.

మెల్లగా అతనూ లేచి వచ్చాడు. ఎవరినీ ఏమీ అనకుండా ఒక కట్టె తీసుకుని మా పక్కన బాదడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక పండు నా చేతిలో పెట్టి, "ఇది తినండమ్మా. గుట్ట మీద మొదట కాసిన సెట్టుది. దీని తీపి యేరేగా ఉంటాది" అన్నాడు. ఉప్పూ కారం అద్దుకుని పులిహోరలోకి రేగుపండ్లు తిన్నాం. గింజ నోట్లో నానుతుంటే, ఎండ పొద్దుటిలా పొడవకుండా, గాలి కొంచెం తిరిగి, నా జన్మలో అంత హాయిగా కూర్చున్న ఆదివారం ఇంకోటి లేదనిపించింది. మూడున్నర మూటల పండ్లు తేలాయి. కాయలు దులిపిన కంపంతా, తప్పు, రేగుకొమ్మలన్నీ, ఒక పక్కన గుట్టగా పడ్డాయి.

"భీమక్కా, మీ అన్న ఓబుళేశుకు ఫోన్ చెయ్" అన్నాను. "దొడ్డికి కంచె కావాలన్నాడు కదా, ఇవి తీసుకుపొమ్మను."

భీమక్క నన్ను ఎగాదిగా చూసింది. పొద్దున ఏ ముళ్ల పేరు పెట్టి ఆమె మొగుణ్ని తిట్టానో, ఆ ముళ్లే ఇప్పుడు నా నోటితో ఇస్తున్నాను. చెవికి ఫోను ఆనించుకుని అటు నడిచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆలస్యంగానైనా నా నోటికి బుద్ధి వచ్చింది.

నరసన్న నా పక్కకు వచ్చాడు.

"అమ్మా, ఫోను ఈడ పెట్టి నాతో రా. ఒక్కదానివే రా."

అతను నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. మూడేళ్ల 'మీరు' కన్నా ఆ ఒక్క 'రా' నాకు ఎంతో నచ్చింది. ఫోను పులిహోర డబ్బా పక్కన పెట్టి వెంట నడిచాను.

వాలు చివర వంక ఉంది. వానాకాలంలో తప్ప నీళ్లుండవు. వంకకు అవతలి ఒడ్డున రేగూ బలుసూ పెనవేసుకుపోయిన పెద్ద పొద ఒకటి చెక్కు చెదరకుండా నిలిచి ఉంది. మొత్తం పడమటి వాలులో కొట్టనిది అదొక్కటే. నరసన్న ఇవతలి గట్టు మీద బోర్లా పడుకున్నాడు. నన్నూ పడుకోమని చేత్తో సైగ చేశాడు. నలభై మూడేళ్ల వయసులో, కాటన్ చీరలో, మట్టిలో బోర్లా పడుకున్నాను.

పొద కింద నేల గుల్లగా ఉంది. మనిషి భుజం పట్టేంత గుంత. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత గుంత అంచు మీదికి బూడిద రంగు తల ఒకటి లేచింది. మొండి మూతి, పెద్ద చెవులు. దాన్ని తోసుకుంటూ ఇంకోటి. వెనక మూడోది ముందుదాని తోక కొరికి, కుయ్యిమని, బోర్లా పడింది.

"కుక్కపిల్లలా?" అన్నాను గుసగుసగా.

"తోడేలు" అన్నాడు నరసన్న.

బయటికి శబ్దం రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మూడేళ్ల కిందట ఈ గుట్ట మీద తొండ కూడా ఉండేది కాదు. గడ్డి వచ్చింది, గడ్డికి కుందేలు వచ్చింది, కౌజు వచ్చింది. ఎవరూ పిలవకుండా, ఎవరూ చెప్పకుండా, ఇప్పుడు ఒక తల్లి ఇది బతకడానికి పనికొచ్చే చోటని నమ్మి వచ్చి పిల్లల్ని కన్నది. సంతోషంతో నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"బుధవారం కొడతా కొడతా వంక దాటినా. కొడవలి ఎత్తితి, కింద కళ్లు కనబడె. మిగతావాళ్లకు ఆ పక్క పాము ఉండాది, పోగాకండి అని చెప్పినా." అన్నాక, ఒక్క క్షణం ఆలోచించి సరిదిద్దుకున్నాడు. "పాము కూడా ఉండాదిలే. పుట్ట సూసినా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీవోళ్లు తుమ్మెదను సూసినా ఫోటో తీసి ఊరంతా పంపుతారు గదమ్మా."

ఫోను పులిహోర డబ్బా దగ్గర ఎందుకు పెట్టించాడో అప్పుడు అర్థమైంది.

"నీ మందలో ఏమైనా పోయాయా నరసన్నా?"

"రెండు గొర్రెపిల్లలు. ఓబుళేశు బావవి నాలుగు."

"తెలిసీ ఊరుకున్నావా?"

నరసన్న గడ్డిపరక ఒకటి తుంచి నమిలాడు. "మా నాయన అంటాండె, మందలో తోడేలుకూ ఒక వంతు ఉంటాదని. నాకు తెలుసు గనక ఊరుకున్యా. అందురూ మా నాయన కొడుకులు గాదు గదమ్మా. తెలిస్తే గుంతకు పొగ పెడతారు. శుక్రవారం మాట మాట్లాడేది కూడా ఉండదు. తోడేళ్లను మేపను మా బీడు ఇచ్చినామా అని ఆ పొద్దే గొర్రెలను తోలుతారు."

మూడు పిల్లలు, తొంభై ఎకరాలు, మూడేళ్లు. అన్నీ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి. "మనిద్దరికి తప్ప తెలియదు కదా?" అన్నాను. "భీమక్కక్కూడా తెల్లా" అన్నాడు.

వెనక ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

లేచి మట్టి దులుపుకునే లోపల ఓబుళేశు వాలు దిగి వస్తూ కనిపించాడు. కాపరుల పెద్ద. తెల్ల మీసం, చంకలో గొంగడి, చేతిలో తాడు, తాడు చివర నల్ల కుక్క. నేనే పిలిపించాను. ముళ్లు తీసుకుపొమ్మని మంచి మనసుతో పిలిపించాను. పిలిచినందుకు నాకు ముఖాముఖీ నమస్కారం పెట్టడానికి వస్తున్నాడు పాపం.

"శానా సంతోసమమ్మా" అన్నాడు. "దొడ్డికి ఈ ఏడు దిగుల్లేదు. శుక్రవారం మేమూ మీ మాట ఇంటాం."

నమస్కారం పెట్టబోయాను. కుక్క వంక వైపు తిరిగింది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తాడు బిగిసేట్టు లాగుతూ, పళ్లు చూపిస్తూ గుర్రుమంది. ఓబుళేశు ఒకసారి కుక్కను, ఒకసారి కొట్టకుండా వదిలిన ఆ ఒక్క పొదను చూశాడు.

"ఏముండాదమ్మా ఆడ?"

"కుందేలు" అన్నాను. తడుముకోకుండా అన్నాను. అబద్ధం నా నోట అంత సులువుగా వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఓబుళేశు నా వైపు చూడనే లేదు. నలభై ఏళ్లుగా కలిసిపోయిన మందలను ఎవరి మాట మీద విడదీసుకున్నాడో, ఆ మనిషి వైపు తిరిగాడు.

"నరసన్నా, నువ్వు చెప్పప్పా. కుందేలేనా?"

నరసన్న నన్ను చూశాడు. పొద్దున అబద్ధం చెప్పావని ఇరవై మందిలో నేను తిట్టిన మనిషి, ఇప్పుడు ఒకే ఒక్క అబద్ధం చెబితే చాలని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అవతలి ఒడ్డున పిల్ల ఒకటి సన్నగా కుయ్యిమంది. కుక్క ఎగిరి లాగింది. ఓబుళేశు చేయి తాడు మీద బిగిసింది.

"కాదు బావా" అన్నాడు నరసన్న. "తోడేలు. పిల్లల తల్లి."